కళ్లంలో రెండు పుస్తకాలు

మా ఊళ్లో మనుషుల్ని లెక్కపెట్టరు. గొర్రెల్ని కూడా వేలు చూపించి లెక్కపెట్టరు. మందకొక తాడు, తాడుకి ముడులు. కళ్లంలో గోధుమలు కొలిచేవాడు మొదటి కుంచానికి ఒకటి అనడు, దీవెన అంటాడు. ప్రార్థనకి పదిమంది మగవాళ్లు చేరారో లేదో చూసుకోవడానికి పది మాటల కీర్తన చరణం ఒకటుంది. దాన్ని మనిషికో మాట చొప్పున గొణుక్కుంటూ పోతారు. ఆఖరి మాటకి మనిషి దొరికితే ప్రార్థన మొదలు. దొరక్కపోతే ద్రాక్షతోటల్లోకి ఒక కేక.

ఎంతమంది పిల్లలని అడిగితే మా ఆడవాళ్లు దేవుడిచ్చినంతమంది అంటారు. అంతటితో ఊరుకోరు, అడిగినదాని వైపు ఆ వారమంతా అదోలా చూస్తారు.

దావీదు రాజు కథ మాకు ఉగ్గుపాలతో పోస్తారు మరి. రాజు జనాన్ని లెక్కపెట్టించాడు. దేవుడు తెగులు పంపాడు. డెబ్బై వేలమంది పోయారు. అంత రాజు వల్లే కానిది, కొండవాలున ద్రాక్షతోటలు కాచుకునే మా వల్ల ఏమవుతుంది?

అలాంటి ఊరికి ఆ వేసవిలో మోసుల్ పట్నం నుంచి లెక్కల గుమాస్తా వచ్చాడు. సుల్తాను కొత్త చట్టం తెచ్చాడట. ఇకమీదట యూదు కుర్రాళ్లు కూడా తుపాకీ పట్టాలట. కబురు ముందే తెలిసి మగవాళ్లందరూ గొర్రెల్ని తోలుకుని గుహల్లోకి వెళ్లిపోయారు. ఊళ్లో మిగిలింది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, నడవలేని ఒకరిద్దరు.

గూలే అవ్వ ఒక ఉపాయం చెప్పింది. మోషే కాలంలో తలకి అర వెండినాణెం చొప్పున ఇచ్చేవాళ్లు, తలల్ని వదిలి నాణేలు లెక్కపెట్టుకునేవాళ్లు. మన దగ్గర వెండి లేదు, అక్రోటు కాయలున్నాయి కదా అంది. ఇంటికో ఆడది వచ్చి గుమాస్తా ముందు పరిచిన గుడ్డ మీద తమ ఇంటివాళ్లకి సరిపడా కాయలు పోసింది. గుమాస్తా వాటిని చూసి ఈ కాయలు కవాతు చేస్తాయా అని నవ్వాడు. రాయి తీసుకుని ఒక్కొక్కటే పగలగొట్టి, తనొకటి, సిపాయికొకటి, తింటూ కూర్చున్నాడు. పెంకు చిట్లిన ప్రతిసారీ మా ఆడవాళ్ల గుండెలు జల్లుమన్నాయి. ఏ కాయ ఎవరిదో ఎవరికి తెలుసు?

తిన్నాక చేతులు దులుపుకుని, అరబ్బీ వచ్చినవాళ్లెవరని అడిగాడు. ఆ రోజు ఊళ్లో ఉన్నవాళ్లలో ఆ భాష వచ్చింది గజాలే ఒక్కదానికే. ఆమె పుట్టిల్లు మోసుల్. తెప్పలు నడిపే మీఖోని చేసుకుని మా కొండల్లోకి వచ్చింది. పెళ్లయిన కొన్నాళ్లకే ఏరు వాణ్ణి తీసుకుపోయింది. మిగిలింది సిమ్హా అనే చంటిపిల్ల. సిపాయి తుపాకీ మడమతో గజాలేని ముందుకి తోశాడు. ఆమె ఇల్లిల్లూ తిరిగింది. కనిపించిన ప్రతి తల మీదా చెయ్యి పెట్టి అంకె పైకి చెప్పింది. గుమాస్తా రాసుకున్నాడు. అంకెలు మా భాషలో కూడా లేవు. అందుకే ఇంకా భయం వేసింది. అర్థం కాని మాట తల మీద పడితే ఏం చేస్తుందో ఎవరు చెప్పగలరు?

గుమాస్తా వెళ్లిపోయాడు. మగవాళ్లు దిగివచ్చారు. ద్రాక్ష ఎండబోసే రోజులు వచ్చాయి, వాటితో పాటు కలరా వచ్చింది.

పొద్దున తోటలో పళ్లు తిరగేస్తూ కనిపించిన మనిషి సాయంత్రానికి చాపలో ఉండేవాడు. కళ్లు లోపలికి పోయేవి, వేళ్లు నానిన బట్టలా ముడతలు పడేవి, గొంతు కీచుగా మారిపోయేది. ముందు అబ్బో అనే నేతగాడు పోయాడు, ఆ వెనకే అతని పెళ్లాం. ఇక వరస తెలియలేదు. ప్రార్థనమందిరం గడపలో శవాలు కడిగే బల్ల ఆరనేలేదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వంతెన దగ్గరా వాగు దగ్గరా తుపాకులు పెట్టుకుని కూర్చున్నారు. మా వైపు నుంచి ఎవరు దిగినా కాల్చడమే. ఉప్పు అమ్ముకునే బేరగాడొకడు మాట వినకుండా వాగులోకి దిగాడు. వాడి గాడిద ఒక్కటే తిరిగొచ్చింది.

తరవాత ఊరిపెద్ద దర్వీష్ కొడుకు అజీజ్ పోయాడు. అప్పుడే మీసం వస్తున్న పిల్లవాడు. కాలు బెణికి కొండెక్కలేక, గుమాస్తా వచ్చిన రోజున తల్లితో ఇంట్లోనే ఉండిపోయాడు.

దర్వీష్ చెడ్డవాడు కాడు. కరువు ఏడాది తన గాదె తెరిచి ఊరందరికీ గోధుమలు పెట్టినవాడే. కానీ కొడుకుని పూడ్చి వచ్చిన మనిషికి చేతులు ఊరికే ఉండవు. గుమాస్తా వచ్చిన రోజున ఆ మోసుల్‌ది వీడి తల మీద చెయ్యి పెట్టిందా అని భార్య నాజేని అడిగాడు. నాజే తల ఊపింది. అంతే. మర్నాటికి ఊటబావి దగ్గర గజాలే కూజాని పక్కకి తోశారు. ఆ సాయంత్రం ఆమె గుమ్మానికి ఎవరో తారు పూశారు. సిమ్హాని చూస్తే తల్లులు తమ పిల్లల ముఖాలకి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

శుక్రవారం మధ్యాహ్నం దాటాక అందరూ కళ్లంలో చేరారు. మందిరంలోకి వెళ్లడానికి ఎవరికీ కాళ్లు రాలేదు. కళ్లంలో అయితే గాలి ఆడుతుంది, మనిషికీ మనిషికీ మధ్య ఎడం ఉంటుంది. గజాలేని తీసుకొచ్చి మధ్యలో నిలబెట్టారు. చంకలో సిమ్హా నిద్రపోతోంది. కాళ్ల దగ్గర బట్టల మూట. ఆ మూట ఆమె కట్టుకున్నది కాదు, వేరేవాళ్లు కట్టి తెచ్చారు.

ఆమెని ఊరు దాటించాలంటే హాఖాం మాట కావాలి. మాకు చదువు చెప్పేది, ప్రార్థన చేయించేది, కోళ్లు కోసిపెట్టేది అన్నీ హాఖాం యోనాయే. మంచి చదువరి. ధైర్యవంతుడు మాత్రం కాడు. కోడికంటే ముందు వీడి గుండె ఆగేలా ఉందని గూలే అవ్వ అనేది. చిన్నప్పుడు అతనికి పాలిచ్చి పెంచింది కాబట్టి ఆమె ఏమన్నా చెల్లేది. అతను తినేది ఊరు పెట్టే రొట్టె. ఊరితో విరోధం పెట్టుకునే స్తోమత అతనికి లేదు.

"హాఖాం, మిమ్మల్ని పెద్ద మాటేం అడగటం లేదు. లెక్కపెట్టిన చెయ్యి ఊళ్లో ఉండకూడదని ఒక్క ముక్క చెప్పండి. మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు దర్వీష్.

మిగతాది ఏమిటో అందరికీ తెలుసు. కింద వంతెన, పక్కన వాగు. రెండు చోట్లా తుపాకులు.

హాఖాం పడమటి కొండ వైపు చూశాడు. పొద్దు ఇంకా రెండు బారల ఎత్తులో ఉంది. పొద్దు వాలితే సబ్బాతు, పనులన్నీ ఆపే పవిత్ర దినం. సబ్బాతు నాడు మనిషి ఊరి పొలిమేర దాటకూడదు, దాటించనూ కూడదు. ఒక్క రోజు దొరుకుతుంది. ఒక్క రోజులో తెగులే తగ్గవచ్చు, దర్వీషే తగ్గవచ్చు. అతను అంతకంటే దూరం ఆలోచించలేదు.

"ఉట్టి నోటితో ప్రాణం మీద తీర్పు చెప్పకూడదు. పుస్తకం చూడాలి" అన్నాడు.

దావీదు కథ మీకు నోటికి రాదా అని ఎవరో వెక్కిరించారు. వస్తుంది గానీ ఆ కథ రెండు చోట్లుందని హాఖాం చెప్పాడు. ఊరికి అది కొత్త. ఒక రాజు, ఒక తెగులు, రెండు కథలేమిటి? సమూయేలు గ్రంథంలో ఒకటుంది, అది మీకు తెలుసు; దినవృత్తాంతాల్లో ఇంకొకటుంది, దాన్ని ఎవరూ చదవరు, చదవనిదాన్ని పక్కన పెట్టి తీర్పు చెబితే ఆ పాపం నా మెడకి చుట్టుకుంటుంది అన్నాడతను. కావాలని నెమ్మదిగా ఇంటికెళ్లి, కావాలని నెమ్మదిగా పుస్తకాలు తెచ్చాడు. సమూయేలు పుటలు చేతి జిడ్డుతో నల్లబడి మెత్తగా ఉన్నాయి. రెండో పుస్తకం పుటల అంచులు ఇంకా విడలేదు. హాఖాం గోటితో వాటిని విడదీస్తుంటే, ఆ చప్పుడు వింటూ ఊరంతా నిలబడింది.

అతను యువకుడిగా మోసుల్‌లో చదివేటప్పుడు ఎప్పుడో ఒకసారి చూశాడా భాగం. లెక్క తీసిన సేనాని యోవాబు కొందరిని వదిలేశాడని మాత్రం గుర్తుంది. దాన్ని పట్టుకుని గట్టెక్కవచ్చని అతని ఆశ.

కళ్లం మధ్యలో గడ్డి మీద రెండూ పక్కపక్కన పెట్టాడు. ముందు సమూయేలు. ఒక మాట హెబ్రీలో చదవడం, దాన్ని మా భాషలో చెప్పడం, మళ్లీ చదవడం.

"దేవుడి కోపం ఇశ్రాయేలు మీద మళ్లీ రగిలింది. ఆయనే దావీదుని రేపాడు, పో, జనాన్ని లెక్కపెట్టు అని." తల ఎత్తాడు. "ముందు వచ్చింది ఏది? లెక్కా, కోపమా?"

కోపమే అని ఒక ముసలాయన ఒప్పుకున్నాడు.

"చిన్నప్పటి నుంచి మనం తిరగేసి చెప్పుకుంటున్నాం. లెక్కపెట్టాడు కాబట్టి దేవుడికి కోపం వచ్చిందని. ఇక్కడ అలా లేదు. కోపం ముందే ఉంది. లెక్క దాని వెనక వచ్చింది."

"ముందే ఎందుకు కోపం వచ్చింది?" అని అడిగింది గూలే అవ్వ.

"రాయలేదు."

జనంలో చిన్న కదలిక. మెత్తబడుతున్నారని హాఖాంకి అనిపించింది. ఆ గుక్కలోనే రెండో పుస్తకం వైపు తిరిగాడు. మొదటి వాక్యం మీద చూపు పడగానే ఆగిపోయాడు. ఈ మొదలు అతనికి గుర్తులేదు. దాటేసి కింద నుంచి చదువుదామా అనుకున్నాడు. కానీ దర్వీష్ భుజం మీదుగా వంగి చూస్తున్నాడు. ఆ మాట హెబ్రీలోనూ మా భాషలోనూ ఒకటే, మార్చి చెప్పడానికి లేదు.

"చదవండి" అన్నాడు దర్వీష్.

"సాతాను ఇశ్రాయేలుకి ఎదురు లేచి, దావీదుని లెక్కకి పురిగొల్పాడు" అని చదివాడు హాఖాం.

గజాలే చుట్టూ ఉన్న ఖాళీ ఒక్కసారిగా పెద్దదైంది. వెనకున్నవాళ్ల కాళ్లు తొక్కుకుంటూ మరీ జరిగారు జనం. సిమ్హా లేచి చుట్టూ చూసి, ఏడుపు మొదలుపెట్టబోయి, ఎందుకో మానేసింది.

ఇంకేం కావాలి, మీ పుస్తకమే చెప్పింది కదా అన్నాడు దర్వీష్. ఆ మాటలో గెలిచిన సంతోషం లేదు.

"ఒరే యోనా, ఒకచోట దేవుడంటాడు, ఇంకోచోట సాతాను అంటాడు. రాసినవాళ్లకి చూపు ఆనలేదా? నన్నడిగితే కంట్లో చుక్క మందు వేసేదాన్ని కదా" అంది గూలే అవ్వ. ఎవరూ నవ్వలేదు.

హాఖాం చెమట తుడుచుకున్నాడు. తనేం చెబుతున్నాడో తనకే తెలియకుండా చెప్పాడు: "మొదటివాడు ధైర్యంగలవాడు. ఉన్నది ఉన్నట్టు రాశాడు. రెండోవాడు చాలా కాలం తరవాత రాశాడు. వాడు మనలాంటివాడు అవ్వా. దేవుడి దగ్గర్నుంచే ఇంత చెడు వచ్చిందంటే వాడికి నిద్ర పట్టి ఉండదు. మధ్యలో ఇంకెవరైనా కావాలి. తెచ్చి పెట్టుకున్నాడు."

"పాఠం చాలు. పొద్దు వంక చూసుకుంటూ చదువుతున్నారు. మాకు కళ్లు లేవనుకున్నారా హాఖాం?" అన్నాడు దర్వీష్.

హాఖాం పొద్దు మీంచి చూపు తిప్పుకున్నాడు. దొరికిపోయాడు. జనం వెనక వరసలో ఒకతను వంగి రాయి తీసుకోవడం అతనికి కనిపించింది. ఆ రాయి గజాలే కోసమో తన కోసమో తెలియలేదు. ఇక సాగదీయలేడు, తన ఆశ పెట్టుకున్న చోటికి ఉరికాడు. యోవాబుకి ఈ లెక్క ఇష్టం లేదని రెండు పుస్తకాల్లోనూ ఉంది. కానీ రెండోదాంట్లోనే ఇంకో ముక్క ఉంది: రాజు మాట అతనికి అసహ్యమై, లేవీ గోత్రాన్నీ బెన్యామీను గోత్రాన్నీ లెక్కలో కలపలేదు.

అది చదివి, గజాలే వైపు తిరిగి, నువ్వు అందరినీ లెక్కపెట్టావా అని అడిగాడు.

"లేదు" అంది గజాలే. కళ్లంలోకి వచ్చాక ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"ఎవర్ని వదిలావమ్మా?"

ఆమె ఆడవాళ్ల గుంపు వైపు ఒకసారి చూసింది. మళ్లీ నేల చూసింది. "చెప్పను. పేరుపేరునా చెబితే మళ్లీ లెక్కపెట్టినట్టే."

అబద్ధమని నలుగురు అరిచారు. దర్వీష్ చెయ్యెత్తి వాళ్లని ఆపాడు. నా ఇంటి సంగతి నేను తేల్చుకుంటాను అని ఆడవాళ్ల వైపు తిరిగాడు. "నాజే, అందరి ముందూ చెప్పు. ఇది వాడి తల మీద చెయ్యి పెట్టిందా, లేదా?"

నాజే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. ఇంట్లో ఊపినట్టే ఇక్కడా తల ఊపింది.

అప్పుడు గజాలే ముఖం చూసినవాళ్లు తరవాత చాలాకాలం ఆ ముఖం గురించి చెప్పుకున్నారు. ఆమెకి కోపం రాలేదు. కాదని కూడా అనలేదు. జారిపోతున్న పిల్లని చంకలోకి ఇంకాస్త ఎగదోసుకుంది, ప్రయాణానికి సిద్ధమైనదానిలా.

దర్వీష్ వంగి మూట తీసుకున్నాడు. ఇద్దరు మగవాళ్లు అటొకడూ ఇటొకడూ నిలబడ్డారు, ఆమెని ముట్టుకోకుండా, చేతికర్రలతో. పొద్దు కొండ అంచుకి ఇంకా జానెడు ఎత్తున ఉంది. పొలిమేర దాటించడానికి అది చాలు.

"ముగియలేదు. సగంలో ఆపితే తీర్పు కాదు" అన్నాడు హాఖాం.

"అయితే మేం నడుస్తుంటాం, మీరు చదువుతుండండి."

హాఖాం చదివాడు. ఇప్పుడు నెమ్మదిగా కాదు. ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి చూపు పరిగెత్తిస్తూ, మాట తడబడుతూ, ఆగితే ఏమవుతుందోనని ఆగకుండా చదివాడు. రెండింట్లోనూ తెగులు మోసుకొచ్చిన దేవదూత ఒక కళ్లం దగ్గరికి వచ్చి ఆగాడు. మొదటిదాంట్లో దూత చెయ్యి చాపాడు, అంతవరకే. రెండోదాంట్లో రాజు తల ఎత్తి చూస్తే దూత భూమికీ ఆకాశానికీ మధ్య నిలబడి ఉన్నాడు, దూసిన కత్తి ఊరి మీదకి చాచి ఉంది.

జనం తలలెత్తారు. అంత పెద్ద ఆకాశంలో ఏమీ లేదు. ఏమీ లేకపోవడం చూసి కూడా వాళ్లు తలలు దించలేకపోయారు. నడవబోయినవాళ్లు కూడా ఆగిపోయారు.

"ఇది మొదటి పుస్తకంలో లేదు" అంటూ హాఖాం తరవాతి వాక్యానికి వచ్చాడు. "కళ్లం యజమాని ఒర్నాను గోధుమలు నూరుస్తున్నాడు. వెనక్కి తిరిగి దూతని చూశాడు. అతనితో ఉన్న కొడుకులు దాక్కున్నారు."

ఆడవాళ్ల గుంపులోంచి ఒక గొంతు వచ్చింది. "దాక్కున్నవాళ్లు బతికారా?"

నాజే అది. కొంగు నోటి మీంచి జారిపోయింది.

హాఖాం కిందికి చూశాడు, ఆ పుటా చూశాడు, పక్క పుటా చూశాడు. "రాయలేదమ్మా."

"నా కొడుకూ దాక్కున్నాడు. గోధుమల గాదెలో దాచాను" అంది నాజే. మొగుణ్ణి చూడకుండా, పుస్తకం వైపు చూస్తూ మాట్లాడింది. "సిపాయి గుమ్మంలో ఉన్నాడు. గజాలే గాదె మూత తీసింది. వాడు గొంతు దాకా గోధుమల్లో కూరుకుని దీని ముఖంలోకి చూశాడు. ఇది మూత వేసి, గోధుమలే అంది. వాడి తల మీద ఎవరి చెయ్యీ పడలేదు. ఏ అంకే పడలేదు. అయినా పోయాడు."

దర్వీష్ చేతిలో మూట అలాగే ఉంది. "మరి నాకెందుకు తల ఊపావు?"

"కర్బూజా కోసిపెట్టింది నేనే కాబట్టి. తెగులు రాగానే, ఉడకబెట్టనివి ఏవీ పెట్టొద్దని హాఖాం ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. వాడు కాలు నొప్పితో పడుకుని, అమ్మా దప్పికగా ఉంది, ఒక్క ముక్క అన్నాడు. కోసి పెట్టాను. తెల్లారేసరికి మొదలైంది. నా చేత్తో పెట్టానని నీకెలా చెప్పను? లెక్క వల్లే పోయాడనుకుంటే నాకు కాస్త ఊపిరాడింది. నీకూ ఆడిందిగా."

కళ్లంలో గడ్డి పరకలు లేచి పడుతున్న చప్పుడు వినిపించింది.

అప్పుడు నేతగాడి కోడలు, ముఖం చేతుల్లో దాచుకునే, గుహలకి పోకుండా మగ్గం గుంటలో దాక్కున్న నా మొగుణ్ణి కూడా చూసి వదిలేసిందని చెప్పింది. అతను బతికే ఉన్నాడు, ఆ మాట వింటూ అక్కడే నిలబడ్డాడు. ఇంకొకామె, నా చెల్లెలి కొడుకుని పొయ్యి వెనక చూసిందంది. వాడు పోయాడు. తల మీద చెయ్యి పడిన గూలే అవ్వ, ఊళ్లో అందరికంటే ముసలిది, కర్ర పట్టుకుని నిక్షేపంగా ఉంది. ప్రతి ఇల్లూ గజాలే మా ఒక్కరి మీదే దయ చూపిందనుకుని, బయటికి పొక్కితే సిపాయిలు తిరిగొస్తారని నోరు కుట్టేసుకుంది. పోయినవాళ్లలో దాక్కున్నవాళ్లూ ఉన్నారు, చెయ్యి పడినవాళ్లూ ఉన్నారు. మిగిలినవాళ్లలోనూ అంతే. పట్టుకుందామంటే ఒక కొస దొరకలేదు.

దర్వీష్ మూటని నేల మీద పెట్టాడు. జాగ్రత్తగా, గుడ్లున్న బుట్టలా. తరవాత పక్కనే గడ్డిలో కూలబడ్డాడు. నాజే వెళ్లి అతనికి కొంచెం ఎడంగా కూర్చుంది. వాళ్లు ఒకరినొకరు చూసుకోలేదు.

రాయి పట్టుకున్నవాడు దాన్ని ఎక్కడ వదలాలో తెలియక చేతులు మార్చుకుంటున్నాడు.

గజాలే బతికింది. సంతోషించాలి. కానీ కళ్లంలో ఉన్నవాళ్లందరికీ అప్పటిదాకా లేని భయం అప్పుడు పట్టుకుంది. మొన్నటి నుంచీ ఆ తెగులుకొక పేరుంది, ఒక ఇల్లుంది, గుమ్మానికి తారు పూయడానికి వీలుంది. ఇప్పుడది ఎక్కడుందో తెలియదు. పక్కన నిలబడ్డవాడి ఊపిరిలో ఉందేమో, రేపటి రొట్టె మీద చల్లిన నీళ్లలో ఉందేమో.

"మరెందుకురా యోనా?" అని అడిగింది గూలే అవ్వ. ఈసారి వెక్కిరింత లేదు. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

హాఖాం జిడ్డు పట్టిన పుస్తకాన్ని మళ్లీ మొదటి వాక్యం దగ్గర తెరిచాడు. "కోపం మళ్లీ రగిలింది" అని చదివాడు. ఆ పైన చెప్పడానికి అందులో ఏమీ లేదు.

పొద్దు కొండ అంచుని తాకింది. ముందు ఒకామె, సబ్బాతు దీపం, అని గొణిగి కదిలింది. తరవాత ఆడవాళ్లందరూ గబగబా ఇళ్ల దారి పట్టారు. మగవాళ్లు వాళ్ల వెనక, ఎడం ఎడంగా నడిచారు. దర్వీష్‌ని ఎవరూ లేపలేదు, అతనే లేచాడు. లేచి, గజాలే దగ్గరికి రెండడుగులు వేసి, గుమ్మం కడగడానికి రేపు రాత్రి సబ్బాతు పోయాక మనిషిని పంపుతానన్నాడు. గజాలే తల ఊపింది.

చివరికి ఆమె, హాఖాం మిగిలారు. మూట భుజాన వేసుకుంటూ అడిగింది: "ఆ దూత కత్తి ఒరలో పెట్టాడా హాఖాం?"

"రెండో పుస్తకంలో పెట్టాడు."

"మొదటిదాంట్లో?"

"తెగులు ఆగిందని ఉంది. కత్తి మాటే లేదు, ఇక ఒర ఎక్కడిది?"

"కత్తి ఒరలో పడ్డాక రాజు ఇంటికెళ్లాడా?"

హాఖాం ఆ పుట వైపు చూడకుండానే చెప్పాడు. "కత్తి ఒరలో పడినా రాజుకి భయం పోలేదు. దేవుణ్ణి అడగడానికి వెళ్లవలసిన చోటికి వెళ్లలేకపోయాడట. ఆ కత్తి భయంతో."

గజాలే సిమ్హాని రెండో చంకకి మార్చుకుని, ఇంటి వైపు వెళ్లిపోయింది.

హాఖాం పుస్తకాలు మూసి చేతుల్లోకి తీసుకోబోయి ఆగాడు. పొద్దు లేదు. సబ్బాతు వచ్చేసింది. ఎన్ని ఎత్తులు వేసి పొద్దు వాలడానికి ఎదురుచూశాడో, అది అతను చూసుకోకముందే వాలిపోయింది. ఇప్పుడు బయలులో బరువు మోయకూడదు. పవిత్ర గ్రంథాల్ని గాలికీ గొర్రెలకీ వదిలేసి పోనూ కూడదు. వాటి పక్కనే గడ్డిలో కూర్చున్నాడు. కడుపులో చిన్న మెలిక తిరిగినట్టయింది. భయమే అయి ఉంటుంది. పొద్దున్నించీ ఏమీ తినలేదు కదా అని తనకి తనే చెప్పుకున్నాడు.

కింద ఊళ్లో దీపాలు వెలుగుతున్నాయి. దర్వీష్ ఇంటి కిటికీలో వెలిగింది. ఆ పక్కింట్లో వెలిగింది. నేతగాడి ఇల్లు, ఆలస్యంగా, వెలిగింది. దాని పక్కది ఇంకా వెలగలేదు. ఆ ఇంటామె మెల్లగా నడుస్తుంది, అంతే అయి ఉంటుంది. హాఖాం చూపు ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి, అక్కణ్ణుంచి ఇంకోదానికి జరుగుతోంది. పెదవులు వాటంతటవే కదులుతున్నాయి, ఆ పది మాటల చరణం మొదటి మాట మీద.

ఏం చేస్తున్నాడో తెలిసి, గట్టిగా కళ్లు మూసుకున్నాడు.